సయ్యద్ ఆబిద్ అలీ: ఒక క్రీడాజీవితం, ఒక హక్కు

(చందనవెల్లిలో జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్రీడల గురించి మాట్లాడమన్నప్పుడు సభికులు సాధారణంగా ఒక మహావిజేత కథను ఆశిస్తారు. మేము ఈనాడు ప్రస్తావించదలచిన వ్యక్తి ఇరవై తొమ్మిది టెస్టులాడి ఒక్క శతకం కూడా చేయనివారు. అయినా ఆయన రెండు దశాబ్దాల పాటు మైదానంలో నిలిచారు, దేశానికి చారిత్రక విజయాలలో తోడయ్యారు. ఆయన సయ్యద్ ఆబిద్ అలీ. 2025 మార్చి 12న కాలిఫోర్నియాలో, ఎనభై మూడేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన జీవితాన్ని పరిశీలిస్తే మన హక్కుల చర్చకు అవసరమైన ఒక సత్యం దొరుకుతుందని మా నమ్మకం.

ఆబిద్ అలీ 1941 సెప్టెంబరు 9న హైదరాబాదులో జన్మించారు. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలులోనూ, ఆల్ సెయింట్స్ హైస్కూలులోనూ చదువుకున్నారు. 1956లో హైదరాబాద్ పాఠశాలల జట్టుకు ఆటగాళ్ళను ఎంచుతున్నప్పుడు సెలెక్టర్లను ఆకట్టుకున్నది ఆయన ఫీల్డింగ్. బంతి వెంట పరుగెత్తే వేగాన్నీ, చేతుల ఒడుపునూ చూసి ఆ కుర్రవాణ్ణి జట్టులోకి తీసుకున్నారు. ఆయన కేరళ మీద 82 పరుగులు చేశారు, ఉత్తమ ఫీల్డరు బహుమతినీ అందుకున్నారు.

కొన్నాళ్ళకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఒక క్రికెట్ జట్టును ఏర్పరచింది. ఆబిద్ అలీకి అందులో ఉద్యోగమిచ్చింది. ఈ ఒక్క వాక్యాన్ని మీరు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

ఆయన మొదట వికెట్ కీపరు. బౌలరు కావడం తరువాతి మాట. 1958-59లో హైదరాబాద్ జూనియర్ జట్టులోకి, ఆ మరుసటి ఏడు రంజీ జట్టులోకి వచ్చారు. తొలి సంవత్సరాలలో ఆయన చేతికి బంతి దొరికిందే అరుదు. రంజీలో తొలి శతకం 1967 వరకు రాలేదు. అంటే ఎనిమిదేళ్ళపాటు ఆయన పేరు పత్రికల శీర్షికలకెక్కదగినది కాదు. ఆ ఎనిమిదేళ్ళు ఆయన ఆటలో ఎలా నిలిచారు? నెల తిరిగేసరికి జీతం అందింది గనుక నిలిచారు. సాధన చేయడానికి సమయం, ఆడడానికి జట్టు, ఇల్లు గడవడానికి ఉద్యోగం, ఈ మూడూ ఉన్నందున నిలిచారు.

1967లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనకు ఆయన ఎంపిక చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. అడిలైడ్ టెస్టులో గాయపడిన కెప్టెన్ పటౌడీ స్థానంలో బరిలోకి దిగారు. తొలి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీశారు. రెండు ఇన్నింగ్సులలోనూ 33 పరుగుల చొప్పున చేశారు. అదే పర్యటనలో జట్టుకు ఓపెనరు కావలసివస్తే ఆయననే పంపారు. సిడ్నీ టెస్టులో 78, 81 పరుగులు చేసి తనను పంపినవారి నమ్మకాన్ని నిలబెట్టారు.

జట్టులో ఎక్కడ ఖాళీ ఏర్పడినా అక్కడికి వెళ్ళడమే ఆయన వృత్తిధర్మమైంది. భారత జట్టుకు ఆనాడు బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ వంటి స్పిన్నర్లే బలం. కొత్త బంతి మెరుపు తగ్గేదాకా కొన్ని ఓవర్లు వేసి, బంతిని వారి చేతికి అందించడం ఆబిద్ అలీ పని. ఆ వెంటనే బ్యాటరుకు అతి సమీపాన వంగి నిలబడి క్యాచ్‌లకోసం కాచుకొని ఉండడం కూడా ఆయన పనే. ఆ రోజుల్లో ఫీల్డర్లకు హెల్మెట్ లేదు. వికెట్ స్పిన్నరు పేరున నమోదవుతుంది. దానిని సాధ్యం చేసిన చేతుల పేరు స్కోరు పట్టికలో చిన్న అక్షరాలలో ఉంటుంది.

1971 మన క్రికెట్ చరిత్రలో మలుపు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వెస్టిండీస్‌పై భారత్ తొలిసారి టెస్టు గెలిచింది. గావస్కర్ గెలుపు పరుగు తీస్తున్నప్పుడు అవతలి కొసన ఉన్నది ఆబిద్ అలీ. అదే సిరీస్ చివరి టెస్టులో వరుస బంతులలో కన్హాయ్‌నీ, సోబర్స్‌నూ బౌల్డ్ చేశారు. ఆ వేసవిలోనే ఇంగ్లండులో, ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టు తొలి ఉదయం ఆయన ధాటికి ఇంగ్లండు 41 పరుగులకు 4 వికెట్లు కోల్పోయింది. ఆగస్టు 24న ఓవల్ మైదానంలో గెలుపు ఫోర్ కొట్టినదీ ఆయనే. ఇంగ్లండు గడ్డ మీద భారత్‌కు అది తొలి టెస్టు విజయం, తొలి సిరీస్ విజయం.

1974 డిసెంబరుతో ఆయన టెస్టు జీవితం ముగిసింది: 29 టెస్టులు, 1018 పరుగులు, 47 వికెట్లు, 32 క్యాచ్‌లు. 1975 తొలి ప్రపంచ కప్పులో న్యూజిలాండ్‌పై 70 పరుగులు చేశారు. ఆ తరువాత కూడా 1978-79 దాకా దేశవాళీ పోటీలలో ఆడారు. మొత్తం 212 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 8732 పరుగులు, 397 వికెట్లు ఆయన సంపాదన. హైదరాబాద్ జూనియర్లకు శిక్షణనిచ్చి 1980లో కాలిఫోర్నియా చేరుకున్నారు. ఆపైన మాల్దీవులకు, ఆంధ్ర రంజీ జట్టుకు, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు కోచ్‌గా పనిచేశారు.

మిత్రులారా, ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఏమిటి?

మైనారిటీ వర్గం నుండి ఒక అసాధారణ ప్రతిభావంతుడు పైకి వచ్చినప్పుడు, 'చూడండి, వివక్ష ఎక్కడుంది?' అని అడుగుతారు. అసాధారణులను ఆపడం ఎవరికైనా కష్టమే. సమానత్వానికి అసలు కొలత సగటు మనిషి. మిగిలినవారితో సమానంగా ఉన్నవాడికి మిగిలినవారితో సమానంగా అవకాశం దొరుకుతున్నదా అన్నదే ప్రశ్న.

అమెరికా బేస్‌బాల్ చరిత్ర దీనికి చక్కని ఉదాహరణ. ప్రధాన లీగులలో నల్లజాతి ఆటగాళ్ళపై దశాబ్దాల తరబడి అమలైన నిషేధాన్ని 1947లో జాకీ రాబిన్సన్ ఛేదించారు. ఆ మరుసటి ఏడు నుండి ఆయన రెండవ బేస్ వద్ద ఆడి మహాక్రీడాకారులలో ఒకరిగా పేరు పొందారు. అయితే బోస్టన్ రెడ్ సాక్స్ అనే జట్టు ఆ తరువాత పన్నెండేళ్ళు తలుపు మూసే ఉంచింది. లీగులో ఆఖరుగా తలుపు తెరిచిన ఆ జట్టులోకి 1959 జూలైలో అడుగుపెట్టిన తొలి నల్లజాతీయుడు పంప్సీ గ్రీన్. ఆయన కూడా రెండవ బేస్ వద్ద ఆడినవారే. ఆయన గొప్ప తార కారు. ఐదు సీజన్లు ఆడిన సగటు ఆటగాడు. రాబిన్సన్ ప్రవేశం ప్రతిభకు విజయం. గ్రీన్ ప్రవేశం హక్కుకు విజయం.

మన దేశంలో ఈ హక్కు నేటికీ పూర్తిగా దక్కలేదు. 2021 అక్టోబరులో టీ20 ప్రపంచ కప్పులో పాకిస్తాన్ చేతిలో జట్టంతా ఓడితే, మహమ్మద్ షమీని ఒక్కరినే మతం పేరిట దూషించారు. 2025 ఆగస్టులో అదే ఓవల్ మైదానంలో మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్, హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి కూడా బౌండరీ తొక్కారు. బ్రూక్ శతకం చేశారు. మరునాడు సిరాజ్ ఆఖరి వికెట్ కూలగొట్టి 6 పరుగులతో దేశాన్ని గెలిపించారు, దేశమంతా హర్షించింది. సంతోషమే. కాని ఆ ఆరు పరుగులు అటు పడి ఉంటే? ముస్లిం ఆటగాడికి గెలిచే హక్కుతో పాటు, అందరిలాగే క్యాచ్ వదిలే హక్కు కూడా ఉండాలి. పొరపాటు జరిగిననాడు దేశభక్తి నిరూపించుకోవలసిన అగత్యం ఏ పౌరునికీ రాకూడదు.

ఇక ఉద్యోగం మాట. 2024లో తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌కు, ప్రపంచ బాక్సింగ్ విజేత నిఖత్ జరీన్‌కు డి.ఎస్.పి. కొలువులిచ్చింది. వారు అందుకు అన్ని విధాలా అర్హులు. కాని అది గెలిచిన తరువాత లభించిన గౌరవం. ఆబిద్ అలీకి ఉద్యోగం టెస్టు ఆడడానికి ఎన్నో ఏళ్ళ ముందే దొరికింది. ఆ ఉద్యోగమే ఆటగాణ్ణి తయారు చేసింది. ఆయనకు కొలువిచ్చిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం; రైల్వే ఉద్యోగులలో 4.5 శాతం, బ్యాంకులలో 2.2 శాతం. క్రీడాకారులకు చిరకాలంగా అన్నం పెట్టిన సంస్థలివే. కొలువులోనే చోటు లేనప్పుడు, కొలువునాశ్రయించిన ఆటలో చోటెక్కడిది?

ఈ మాట చందనవెల్లిలో చెప్పడానికి ప్రత్యేక కారణముంది. పొలాలున్న చోట నేడు పారిశ్రామికవాడ వెలసింది. మొయినాబాద్ దారిలో గంటల లెక్కన అద్దెకిచ్చే క్రికెట్ మైదానాలు వెలిశాయి. అద్దె చెల్లించగలిగినవారికి ఆట ఉంది. మరి పంక్చర్ల దుకాణంలో, కోళ్ళ ఫారంలో పనిచేసేవారి పిల్లలకు? కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి.

మొదటిది మైదానం. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు ప్రకటించారు. మీ ఊరి ప్రాంగణం ఏ సర్వే నంబరులో, ఎన్ని గుంటలలో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. బోర్డు నిలబెట్టినంత మాత్రాన అది ఆటస్థలం కాదు. ఆడపిల్లలు నిర్భయంగా ఆడుకోగల వేళలను గ్రామసభలో తీర్మానించుకోండి.

రెండవది ఉద్యోగం. ఒకనాడు ఒక బ్యాంకు చేసిన పనిని ఈనాడు ఇక్కడి పరిశ్రమలు ఎందుకు చేయకూడదు? స్థానిక యువకులకు కొలువులిచ్చి, ప్రతి పరిశ్రమా ఒక జట్టును పోషించాలని కోరుదాం. ఇది ఒక్క మతం వారి కోరిక కాదు. భూములిచ్చిన దళిత, బహుజన కుటుంబాల పిల్లలూ ఇందులో మనతో సమాన హక్కుదారులు.

మూడవది మన బాధ్యత. పాఠశాల, విశ్వవిద్యాలయ, రాష్ట్ర జట్లకు ఆడిన ధ్రువపత్రాలను తల్లిదండ్రులు భూమి పత్రాలంత భద్రంగా దాచాలి. క్రీడా కోటా దరఖాస్తుకు అవే ఆధారం.

ఆబిద్ అలీ వంటివారు అరుదుగా పుడతారని మేము చెప్పబోము. ఫీల్డింగ్ చూసి ఎంచుకునే సెలెక్టరు, ఆడటానికి స్థలం, నెలజీతం ఉంటే ఈ ప్రాంతంలోనే అటువంటివారు పదిమంది తయారవుతారు. వారిలో ఒకరు మహావిజేత కావచ్చు. తక్కిన తొమ్మండుగురు గౌరవంగా ఆడి, గౌరవంగా బతికి, గౌరవంగా విరమించాలి. మన పోరాటం ఆ తొమ్మండుగురి కోసం.