నమ్మడం నేరం కాదు

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా హృదయపూర్వక అభినందనలు.

2021 ఏప్రిల్, మే నెలలను మన దేశంలో ఏ ఇల్లూ మరిచిపోదు. కరోనా సెకండ్ వేవ్‌లో ఆసుపత్రుల్లో బెడ్లు దొరకలేదు, ఆక్సిజన్ అందలేదు. జనం రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ చీటీ పట్టుకుని మందుల షాపుల చుట్టూ తిరిగారు. మోసగాళ్లకు అదే అదను అయింది. సిలిండర్ పంపిస్తామని అడ్వాన్స్ వేయించుకుని ఫోన్ స్విచాఫ్ చేశారు. నకిలీ ఇంజెక్షన్లు అమ్మారు. ఢిల్లీలో మంటలార్పే సిలిండర్లకే రంగు వేసి ఆక్సిజన్ సిలిండర్లని అంటగట్టారు. కోల్‌కతా, ముంబైలలో ఏకంగా బూటకపు టీకా శిబిరాలు నడిపారు.

మోసపోయినవారిని మనవాళ్లు అడిగిన మాట ఒక్కటే: "చదువుకున్నావు కదా, ఎలా నమ్మావు?"

అది అన్యాయమైన ప్రశ్న. తండ్రికి ఊపిరి ఆడని రాత్రి ఏ కొడుకూ బిల్లు అడగడు. ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు రెమ్‌డెసివిర్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే సూచించింది. ఆ సంగతి ఆ కొడుక్కి విడమరిచి చెప్పినవారు ఎందరు? 2021 ఏప్రిల్‌లో కేంద్రం ఆ మందు ధర తగ్గింపజేసింది. షాపులో సరుకే లేనప్పుడు తగ్గిన ధర ఎవరికి? కొరత, తొందర, తెలిసినవారు చెప్పకపోవడం: ఈ మూడూ కలిసినచోట ఎంత తెలివైనవారైనా మోసపోతారు.

ఆపైన సిగ్గు నోరు నొక్కేస్తుంది. ఫిర్యాదు అందక దొంగ ఇంకో ఇంటికి ఫోన్ చేస్తాడు. కానీ ఫిర్యాదుకు దారులున్నాయి. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ఆన్‌లైన్ కొనుగోళ్లకూ వర్తిస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అది చేతులు మారకముందే ఖాతాలో ఆపే వీలుంటుంది.

మీలో ఫార్మసీ చదివినవారు ఏ మందు అవసరమో, ఏది అక్కర్లేదో జనానికి అర్థమయ్యే తెలుగులో చెప్పండి. కంప్యూటర్లు చదివినవారు చెల్లింపుల యాప్‌లను మీ అమ్మమ్మ వాడుతుందని తలచుకుని తయారుచేయండి. న్యాయశాస్త్రం చదివినవారు చిన్న మొత్తమని ఏ కేసునూ తోసిపుచ్చకండి.

మోసపోయి మీ దగ్గరికి వచ్చినవారిని ఎందుకు నమ్మావని నిలదీయకండి. ఎంత పోయింది, ఏ నంబరుకు వేశారు అని అడిగి, అప్పటికప్పుడే ఫిర్యాదు చేయించండి. మీ చదువు మీద సమాజానికి ఉన్న హక్కు ఇది. మీకు శుభం కలగాలి.