పంచుకున్న ఫైలుకు పూచీ ఎవరిది?

ఒక ప్రాజెక్టు కోసం రాసిన ఫైలు మరో ప్రాజెక్టుకూ పనికొస్తుంది. తేదీలను సరిచూసే కోడు కావచ్చు, ఫైళ్లను కుదించే కోడు కావచ్చు. దాన్ని రెండు చోట్లా ఎలా ఉంచాలన్నది ప్రోగ్రామర్లకు మొదటి నుంచీ ఉన్న చిక్కు. పైకి ఇది సౌకర్యానికి సంబంధించిన విషయంలాగే కనిపిస్తుంది. ఫైళ్లలో మార్పులను నమోదు చేసే వెర్షన్ కంట్రోల్ పరికరాల చరిత్రను వరుసగా చూస్తే మాత్రం, ప్రతి తరం పరికరమూ ఒకే ప్రశ్నకు జవాబు వెతికిందని నాకు అనిపిస్తుంది. ఉమ్మడి ఫైలు మారిన రోజున పూచీ ఎవరు పడాలి?

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కిండ్ తయారుచేసిన ఎస్‌సీసీఎస్, 1982లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం నుంచి వాల్టర్ టిఖీ తెచ్చిన ఆర్‌సీఎస్, రెండూ ఒక్కొక్క ఫైలు చరిత్రను విడివిడిగా రాసుకునేవే. ఫైలు మరో చోటికి కావాలంటే కాపీ చేసుకోవడమే సులువైన దారి. కాపీ చేసిన మరుక్షణం నుంచి రెండు ఫైళ్లూ దేని బతుకు దానిదే, పూచీ ఎవరికీ ఉండదు. దీని ఫలితం 2002 మార్చిలో బాగా తెలిసొచ్చింది. డేటాను కుదించే జీలిబ్ అనే లైబ్రరీలో, ఒకసారి విడుదల చేసిన మెమరీనే మళ్లీ విడుదల చేసే లోపం బయటపడింది. సరిచేసిన 1.1.4 వెర్షన్ వెంటనే వచ్చింది. కానీ ఎన్నో ప్రోగ్రాములు జీలిబ్ కోడును తమలో కలిపేసుకుని ఉన్నాయి. లినక్స్ కెర్నెల్‌లోనే దాని సొంత కాపీ ఉండేది. సిస్టంలోని ఉమ్మడి లైబ్రరీని మార్చినంత మాత్రాన ఆ కాపీలు బాగుపడవు. ఎవరు ఎక్కడ కలుపుకున్నారో వెతికి, ఒక్కోదాన్నీ విడిగా సరిచేయాల్సి వచ్చింది.

కాపీకి విరుగుడుగా వచ్చిన పద్ధతుల్లో, మైక్రోసాఫ్ట్ 1994లో కొనుక్కున్న సోర్స్‌సేఫ్‌ది గమనించదగ్గది. అందులో 'షేర్' అనే ఆజ్ఞ ఉండేది. ఫైలు డేటాబేస్‌లో ఒక్కటే, కనిపించేది మాత్రం పలు ప్రాజెక్టుల్లో. ఒక ప్రాజెక్టులో దిద్ది చెక్‌ఇన్ చేస్తే, మిగతా ప్రాజెక్టుల్లోనూ అదే దిద్దుబాటు చేరుతుంది. వినడానికి ముచ్చటగానే ఉంది. అయితే రేపు విడుదల కావలసిన ప్రాజెక్టులోకి, ఎవరో తమ అవసరం కోసం చేసిన మార్పు అడగకుండానే వచ్చిపడవచ్చు. మార్చినవాడికి అవతల ఎవరున్నారో పట్టదు, అవతలివాడికి ఏం మారిందో తెలియదు. అందుకే అదే సోర్స్‌సేఫ్‌లో 'పిన్' కూడా ఉండేది: ఈ ప్రాజెక్టుకు ఫలానా వెర్షన్ చాలు, అంతకు మించి కదలవద్దు అని గుచ్చిపెట్టడం. ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన ఆలోచన ఇదేనని నా అభిప్రాయం.

2004లో 1.0కి చేరిన సబ్‌వర్షన్‌లో 'ఎక్స్‌టర్నల్స్' అనే ఏర్పాటుతో మరో చోటి ఫోల్డరును మన ప్రాజెక్టులోకి రప్పించుకోవచ్చు. రివిజన్ నంబరు ఇవ్వకపోతే అప్‌డేట్ చేసిన ప్రతిసారీ కొత్తది వచ్చేస్తుంది. నంబరు తప్పక ఇవ్వమని సబ్‌వర్షన్ పుస్తకమే గట్టిగా సూచిస్తుంది. 2005లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్‌లో, ఒక ప్రాజెక్టులో మరో ప్రాజెక్టును ఇమిడ్చే సబ్‌మాడ్యూల్ విషయంలో ఆ సూచనే నియమమైంది. తల్లి ప్రాజెక్టు దాచుకునేది ఫైళ్లను కాదు, ఒక కమిట్ గుర్తును, అంటే నమోదు చేసిన ఒక వెర్షన్ గుర్తును: సాధారణంగా నలభై అక్షరాల సంఖ్య. దాన్ని మార్చాలంటే తల్లి ప్రాజెక్టులోనే ఇంకో కమిట్ చేయాలి. అంటే తీసుకునేవాడు చూసి, ఒప్పుకుని, తన పేరు మీద రాస్తేనే మార్పు లోపలికి వస్తుంది. సబ్‌మాడ్యూళ్ల మీద ప్రోగ్రామర్లకు విసుగుంది. మామూలుగా క్లోన్ చేస్తే ఆ ఫోల్డరు ఖాళీగా వస్తుంది, ఇంకో ఆజ్ఞ ఇస్తే గాని నిండదు. ఆ విసుగు న్యాయమైనదే. అయినా అంత స్పష్టమైన లెక్క దొరుకుతున్నప్పుడు ఆ శ్రమ దండగ కాదు.

గుచ్చిపెడితే పాత లోపాలూ అలాగే ఉండిపోతాయి కదా, మరి కాపీకి దీనికి తేడా ఏమిటని అడగవచ్చు. పట్టించుకోకుండా వదిలేస్తే ఉండిపోతాయి, నిజమే. కానీ ఇక్కడ ఏ వెర్షన్ ఉందో రాసి ఉంటుంది, లోపం బయటపడిన రోజున వెతికి పట్టుకోవచ్చు. చిన్న కోడుకు కాపీయే మేలన్న వాదన కూడా బలమైనదే. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని తొలగించగానే ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. అంత చిన్నదాన్ని కాపీ చేసుకుని, ఎక్కడి నుంచి తెచ్చారో పైన రాసుకుంటే సరిపోతుంది. పిన్ చేయడం మీద అన్నిటికంటే గట్టి అభ్యంతరం గూగుల్ నుంచి వస్తుంది. ఆ సంస్థ తన కోడులో అత్యధిక భాగాన్ని ఒకే రిపాజిటరీలో ఉంచుతుంది. 2016లో వారు ప్రచురించిన వ్యాసం ప్రకారం అప్పట్లో అందులో సుమారు 200 కోట్ల లైన్లు ఉండేవి. అక్కడ సాధారణంగా పిన్‌లు ఉండవు, అందరూ తాజా కోడునే వాడతారు. కానీ పూచీ మాయం కాలేదు, చేతులు మారింది. ఉమ్మడి కోడును మార్చేవాడే, దానిమీద ఆధారపడిన కోడు చెడకుండా చూసుకోవాలి. అందుకు తగిన పరీక్షా యంత్రాంగాన్ని వాళ్లు సొంతంగా కట్టుకున్నారు. ఆ స్తోమత లేని బృందానికి పిన్ చేయడమే క్షేమం.

ప్రోగ్రాములు రాసే శ్రోతలకు ఒక్క మనవి. ఈ వారం మీ ప్రాజెక్టులో బయటి నుంచి తెచ్చుకున్న ఫైళ్లను ఒకసారి చూడండి. ఏది ఎక్కడి నుంచి, ఏ వెర్షన్ నుంచి వచ్చిందో రాసి లేకపోతే, తెచ్చినవారు జట్టులో ఉండగానే అడిగి రాయించుకోండి.