పందికి ఎంత చోటు కావలెను?

సింహాచలమున వరాహ లక్ష్మీనరసింహస్వామిని దర్శించి, ప్రసాదము కండ్ల కద్దుకొని, విజయనగరమునకు మరలివచ్చు యాత్రికుడు ఊరి పొలిమేరలో మురుగుకాలువ ప్రక్క ఒక పందిని చూచినచో ముఖము త్రిప్పుకొనును. భూమి నుద్ధరించిన అవతారమునకు చందనము పూయుదుము. ఆ రూపమే కాళ్ళకడ్డము వచ్చినచో రాయి విసరుదుము. ఇందులో వింత లేదు, మన అలవాటు అట్టిది. కాని ఆ అలవాటు వలన ఒక చిక్కు కలిగినది. ఆవునకు ఎట్టి కొట్టము కావలెనో, కోడికి ఎట్టి గూడు కావలెనో మనము విచారించితిమి. పందికి ఎట్టి ఇల్లు కావలెనను ప్రశ్న మనకు తోచనే లేదు. ఇప్పుడు తోచవలసిన సమయము వచ్చినది.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పందులను మేపువారు ముఖ్యముగా ఎరుకలవారు. సీతంపేట, పార్వతీపురము ప్రాంతముల కొండలలో సవరలు కూడ పందులను పెంచుదురు. వారి కులదేవతల కొలువులలో పందిని బలి యిచ్చు ఆచారము కలదు. ఈ పెంపకమున ఇల్లనునది నామమాత్రమే. మట్టిగోడలు, తాటాకు కప్పు, వంగి దూరవలసిన వాకిలి గల పందిగూడు రాత్రికి మాత్రము. తెల్లవారగానే తలుపు తీసినచో పంది తన బ్రతుకు తాను చూచుకొనును. ఆ పందికి స్వేచ్ఛ ఉన్నది, కాని ఆరోగ్యము లేదు. బహిర్భూమిలోని మలము తిని బద్దెపురుగుల పిల్లలను దేహమున మోయును. పంది దేహమున పెరిగిన మెదడువాపు క్రిములను దోమ మన పిల్లల కంటించును. అందువలన పురపాలకసంఘములు పందులను వీధులనుండి తొలగింపగోరుట న్యాయమే. కాని తొలగించిన పంది ఎక్కడికి పోవలెను?

దానికి సమాధానముగా నేడు వినవచ్చు మాట వ్యాపారపద్ధతిని నడుపు పెంపకశాల. మన రాష్ట్రమున ఇది మొదటి ప్రయత్నము కాదు. పంచవర్ష ప్రణాళికల కాలముననే కృష్ణాజిల్లా గన్నవరమున పందుల అభివృద్ధి కేంద్రము, మాంసమును శుద్ధిచేయు కర్మాగారము నెలకొల్పబడినవి. తిరుపతి పశువైద్య విద్వాంసులు లార్జ్ వైట్ యార్క్‌షైర్ అను సీమపందిని నాటుపందితో సంకరము చేసి, త్వరగా పెరుగు జాతిని రూపొందించిరి. 2021లో సవరింపబడిన జాతీయ పశుసంపద పథకము క్రింద నూరు ఆడుపందులతో పెంపకశాల పెట్టువారికి పెట్టుబడిలో సగము, 30 లక్షల రూపాయలు మించకుండ, సబ్సిడీగా ఇచ్చు ఏర్పాటు జరిగినది. చదువుకొన్న యువకులు కొందరు ఈ వృత్తిలోనికి వచ్చుచున్నారు. షెడ్డు నక్షా గీయువేళ వచ్చు ప్రశ్నయే నేటి మన ప్రసంగ విషయము.

పాశ్చాత్య దేశములలో ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున వ్యాపించిన పద్ధతి యొకటి కలదు. చూలుతో నున్న పందిని ఇనుప కమ్ముల బోనులో నిలుపుదురు. దాని వెడల్పు సుమారు 2 అడుగులు, పొడవు 7 అడుగులు. పంది లేచి నిలువవచ్చును, పడుకొనవచ్చును, వెనుకకు తిరుగుటకు మాత్రము వీలులేదు. పంది చూలు 114 దినములు. మూడు నెలలు, మూడు వారములు, మూడు దినములని పెంపకదారులు లెక్క చెప్పుదురు. ఆ కాలమంతయు ఆ బోనులోనే. ఈనుటకు ముందు మరియొక బోనులోనికి మార్చుదురు. పిల్లలు పాలు మరచిన వెనుక తిరిగి మొదటి దానికే.

ఇట్లు చేయువారు క్రూరులని తేల్చి చెప్పుట సులభము, కాని న్యాయము కాదు. వారి వాదమున సత్యము కొంత ఉన్నది. క్రొత్తగా కలిపిన ఆడుపందులు ఒకదానినొకటి కరచుకొనును. బలము గలది బలహీనమైన దాని మేతను లాగుకొనును. తల్లి పడుకొనునపుడు పిల్లలు దాని క్రిందపడి నలిగి చచ్చుట ప్రతి పెంపకదారుడు ఎరిగినదే. బోనులో ప్రతి పందికి దాని మేత దానికి దక్కును, జబ్బు వెంటనే కనబడును, ఒక్క పనివాడు అనేకము చూచుకొనగలడు. అప్పుచేసి షెడ్డు కట్టినవానికి ఇవి చిన్న విషయములు కావు.

అయినను మరియొక వైపు చూడవలెను. నా చిన్ననాట విజయనగరమున మా పెరటిగోడ వెనుక నొక నాటుపంది ఈనినది. ఈనుటకు ముందు దినమంతయు అది ఎండుగడ్డి, తాటాకు ముక్కలు, చింపిరి గోనెపట్టాలు నోట కరచి తెచ్చి, ముట్టెతో నేల త్రవ్వి, పక్క అమర్చుకొనుట నేను గోడపై కూర్చుండి చూచితిని. దానికి ఎవరును నేర్పలేదు. ఈనబోవు ప్రతి పందికి ఆ తహతహ పుట్టుకతో వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇనుప బోనులో, సిమెంటు నేలపై నిలిచిన పంది కూడ అట్లే నేలను గీకును. గడ్డి దొరకదు, కమ్మిని కొరుకును. దాని తహతహను బోను తీసివేయలేదు, తీర్చుకొను దారిని మాత్రమే మూసివేసినది.

ఈ చర్చను లోకము ముందు పెట్టిన గ్రంథములలో 1964లో ఇంగ్లండున రూత్ హారిసన్ అను స్త్రీ వ్రాసినది ముఖ్యమైనది. దానిచే కలిగిన కలవరము వలన ప్రభుత్వము బ్రాంబెల్ అను ప్రొఫెసరు అధ్యక్షతన సంఘమును నియమింపగా, 1965లో ఆ సంఘము ఒక చిన్న సూత్రము చెప్పినది. పెంపుడు జంతువునకు లేచి నిలుచుటకు, పడుకొనుటకు, చుట్టు తిరుగుటకు, ఒడలు శుభ్రపరచుకొనుటకు, అవయవములు చాచుటకు తగిన చోటుండవలెనని దాని సారము. ఆ దేశమున చూలుపందుల బోనులు 1999 నుండి నిషిద్ధములు. ఐరోపా సమాఖ్యలో 2013 నుండి, చూలు మొదటి నాలుగు వారములు తప్ప, పందులను గుంపులుగా ఉంచవలెను. అమెరికాలోని కాలిఫోర్నియా ప్రజలు 2018లో ఓటువేసి ఒక్కొక్క ఆడుపందికి 24 చదరపుటడుగులు విధించిరి. వ్యాపారులు దావా వేయగా 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ చట్టమును నిలిపినది.

ఇతరుల చట్టములు మన కెందుకని కొందరనవచ్చును. ఈ విషయమున మనము వెనుకబడినవారము కాము. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. దాని 11వ సెక్షను ప్రకారము కదలుటకు తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో ఏ జంతువునైనను బంధించుట నేరము. ఆవు అనలేదు, ఏనుగు అనలేదు, ఏ జంతువునైనను అన్నది. అందు పందియు చేరును. 1976లో రాజ్యాంగమున చేర్చిన పౌరధర్మములలో భూతదయ యొకటి. ఐతే ఆ చట్టమున మొదటి తప్పునకు విధించిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయలు మాత్రమే. చట్టము బోనును తప్పని చెప్పినది గాని, ఆ తప్పునకు భయపడవలసిన అవసరము కల్పించలేదు.

ఇక మన జిల్లాలకు తగిన ఇల్లు ఎట్టిది? 1966లో భారత ప్రమాణముల సంస్థ పందుల వసతికి కొలతలు నిర్ణయించినది. చూలుపందులను మూడు మొదలు పదింటి వరకు ఒక గదిలో ఉంచవచ్చును. ఒక్కొక్క దానికి కప్పు క్రింద సుమారు 2 నుండి 3 చదరపు మీటర్లు, బయట దొడ్డిలో మరికొంత చోటు కావలెను. ఈనినదానికి వేరుగది, కప్పు క్రింద 7 నుండి 9 చదరపు మీటర్లు. పిల్లలు నలుగకుండ బోనే అక్కరలేదు. గోడనుండి జానెడు ఎడముగా, నేలనుండి జానెడు ఎత్తున చుట్టును ఒక గట్టి గొట్టము బిగించినచో, తల్లి గోడకు జేరగిలబడినను పిల్లలకు సందు మిగులును. మేతవేళ పోట్లాటకు మేతతొట్టి కడ్డముగా చిన్న విభాగములు చాలును. తెలిసిన పందులను తెలిసిన పందులతోనే ఉంచిన కాట్లు తగ్గును.

మన ఎండను కూడ తలపవలెను. పందికి మనవలె చెమట పట్టదు. బురదలో పొర్లుట దాని మురికితనము కాదు, చల్లబడు ఉపాయము. వైశాఖ జ్యేష్ఠములలో రేకుల షెడ్డులో కదలలేక నిలిచిన తెల్ల సీమపంది స్థితి ఊహింపుడు. రేకుపై తాటాకు పరచుట, నీళ్ళు చిలుకరించుట, పొర్లుటకు ఒక మడుగు, పడుకొనుటకు వరిగడ్డి, ఇవి మన పల్లెలలో దొరకని వస్తువులు కావు. తుఫానును మరువరాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానమున కొబ్బరితోటలను, జీడితోటలను కూల్చినది. అట్టి రాత్రి దొడ్డిలోని పందికి తలుపు తీసి విడువవచ్చును. కమ్ముల బోనులలోని నూరు పందులను ఎవరు విడువగలరు?

ఖర్చు పెరుగునను మాట నిజమే. చోటెక్కువ, గడ్డి ఎక్కువ, కనిపెట్టి చూచు మనిషి ఎక్కువ. కాని షెడ్డు కట్టకముందు మార్చిన నక్షాకు అయ్యెడి వ్యయము, ఇనుము బిగించిన పిమ్మట పెరికివేయుటకు అయ్యెడి వ్యయములో లేశమైనను ఉండదు. ఐరోపా రైతులు రెండవదానిని భరింపవలసి వచ్చినది. మనకు మొదటిదే చాలును. సబ్సిడీ ఇచ్చు అధికారి నక్షాలో గోడల ఎత్తుతోపాటు పంది తిరుగుటకు చోటున్నదా యని అడిగినచో సగము పని నెరవేరును.

మరియొక మాట. నూరు పందుల పెంపకశాల పెట్టు స్తోమత ఎరుకలవారికి ఎందరికి కలదు? వీధినుండి పందిని తరిమినపుడు పందితోపాటు ఒక కుటుంబము కూడ తరుమబడుచున్నది. ఊరికి దూరముగా కొంత స్థలము, నీటివసతి, పేడకుండీ, పశువైద్యుని రాకపోకలు కల్పించినచో, పది పందులు గల కుటుంబము తాటాకు కప్పు క్రిందనే పంది సుఖముగను, ఊరు ఆరోగ్యముగను ఉండునట్లు పెంపగలదు. పందుల నడత తరతరములుగా తెలిసినవారు వారే. పెద్ద పెంపకశాలలకు నేర్పవలసిన విద్య వారివద్ద కొంత ఉన్నది.

తినుటకై పెంచు జంతువునకు సుఖమెందుకని కొందరు అడుగుదురు. దాని చావును మనము నిశ్చయించితిమి కనుకనే, దాని బ్రతుకునకు మనము బాధ్యులము. ఆ బాధ్యత గొప్ప త్యాగమేమియు కోరుట లేదు. లేచినది పడుకొనుటకు, పడుకొన్నది లేచుటకు, వెనుకకు తిరిగి తన పిల్లలను చూచుకొనుటకు చాలినంత చోటు మాత్రమే అడుగుచున్నది.