పరిశోధనా ధనము: ఫలమును తూచు విధము



చిన్న పరిశ్రమలలో క్రొత్త యంత్రములను, క్రొత్త పద్ధతులను కనుగొనుటకై ప్రభుత్వములు ధనమిచ్చుచున్నవి. ఆ ధనము సార్థకమైనదో కాదో తెలియుట యెట్లు? ఇది మన పన్నుల సొమ్ము గనుక ప్రశ్నయు మనదే.

అమెరికా దేశమున 1982లో దీనికై యొక చట్టము చేసిరి. చిన్న సంస్థకు మొదట స్వల్పముగా నిచ్చి, తలపెట్టిన పని సాధ్యమో కాదో చూతురు. సాధ్యమని తేలినచో పెద్ద మొత్తమిత్తురు. పిమ్మట సంతలో నిలుచుట సంస్థ భారము. మన దేశమున జీవసాంకేతిక శాఖ 2005లో ఇట్టి పథకమునే ప్రారంభించినది. మొలక చూచిన పిదపనే నాటు వేయు రైతునకు ఈ పద్ధతి క్రొత్తది గాదు.

ఇక మొదటి పరీక్ష: ధనము సకాలమున అందినదా? ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు, ఆసు పోయుటలో తల్లి చేయి వేలమారులు తిరిగి భుజము నొచ్చుట చూచి, అప్పులు చేసి, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సాధించిరి. ఇట్టివారికి తోడ్పడుటకై నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ వెలసినది 2000లో. వారికి పద్మశ్రీ వచ్చినది 2017లో. గెలిచినవానికి సన్మానము సులభము. తడబడువానికి చేయూత దుర్లభము.

రెండవది: ఫలము పనివాని చేతికి చేరినదా? జగిత్యాల చెంతనున్న పొలాస పరిశోధనా స్థానమున పుట్టిన జగిత్యాల సన్నాలు ఉల్లికోడును తట్టుకొనును. దాని గుణమును నివేదిక గాదు, మడియే చెప్పినది. సిరిసిల్లలో సాంచలకు క్రొత్త భాగములు తగిలించుకొనుటకు 2017లో కేంద్రము పథకము పెట్టినది. అయితే సాంచ వడి పెరిగి, గుడ్డ కొనువాడు లేనిచో నేతగానికి మిగులునది అప్పే. అప్పుల బాధతో ప్రాణము తీసుకొన్నవారి యిండ్లు సిరిసిల్లలో కలవు గనుక ఈ మాట తేలికగా అనుట లేదు.

మూడవది: పొందినవానిని, పొందనివానిని పోల్చితిరా? చురుకైన పిల్లలనే చేర్చుకొన్న బడి ఉత్తీర్ణులను చూపి గర్వించిన, గురువుల ప్రజ్ఞ తెలియునా? అట్లే ధనమందినవాడు వృద్ధిపొందెననుట చాలదు. అది లేకున్నను వృద్ధిపొందెడివాడేమో! సమానస్థితిలోని యిరువురిని పోల్చిననే నిజము తేలును.

నాల్గవది: అడుగనేరనివారి మాట యేమి? దరఖాస్తు చక్కగా వ్రాయువానికే ధనమబ్బిన, కోరుట్లలో బీడీలు చుట్టు ఆడువారి నడుమునొప్పికి ఉపాయము వెదకువాడెవ్వడు?

ఒక్క హెచ్చరిక. ప్రయత్నము విఫలమైనంత మాత్రమున ధనము దండుగ గాదు. ఎందుకు విఫలమైనదో దాచుటయే దండుగ. కావున గ్రామసభకు అధికారులు వచ్చినపుడు ఎంత ఖర్చైనదని మాత్రమే గాక, ఎవని పని ఎంత తేలికైనదని అడుగుడు. పెద్దలు అడిగిననే పిన్నలకు అడుగుట అలవడును.