అక్క ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌రిస్క్ క్రాస్ కంపైలర్: నేను చేసిన ఒక్క తప్పు

ఈ ఎపిసోడ్‌లో క్రాస్ కంపైలర్ ఎలా తయారుచేసుకోవాలో చెప్తాను. దాంతోపాటు, దాన్ని తయారుచేయబోయి మా అక్క చేత ఎలా తిట్లు తిన్నానో కూడా చెప్తాను. ఎందుకంటే అసలు పాఠం అక్కడే ఉంది.

ముందు చిన్న విషయం. మీ ఫోన్‌లో ఉన్న ప్రాసెసర్ దాదాపుగా ఆర్మ్ రకం. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ. ఈ రెండూ కాకుండా ఓపెన్‌రిస్క్ అని ఇంకొకటి ఉంది. దాని డిజైన్ అంతా ఓపెన్, ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరూ వాడరేమో అనుకోకండి. పైన్‌ఫోన్ అనే లైనక్స్ ఫోన్‌లో ఆల్‌విన్నర్ ఏ64 చిప్ ఉంటుంది. దాని లోపల ఒక మూల చిన్న ఓపెన్‌రిస్క్ కోర్ ఉంది. ఫోన్ నిద్రపోయినప్పుడు పెద్ద ప్రాసెసర్‌ని ఆపేసి, మళ్లీ లేపే పని ఈ చిన్నదానికి అప్పజెప్పొచ్చు. ఇంట్లో అందరూ పడుకున్నాక మేలుకుని ఉండే నాయనమ్మ లాంటిదన్నమాట.

దీనికోసం ప్రోగ్రామ్ రాయాలని నాకు ఆశ పుట్టింది. కానీ ల్యాప్‌టాప్‌లో ఉన్న మామూలు కంపైలర్ ల్యాప్‌టాప్ భాషే మాట్లాడుతుంది. మనకేమో ల్యాప్‌టాప్ మీద నడుస్తూ ఓపెన్‌రిస్క్ భాషలో రాసిపెట్టే కంపైలర్ కావాలి. అదే క్రాస్ కంపైలర్.

ఇక్కడే చిక్కు. జీసీసీ పూర్తిగా తయారవ్వాలంటే సి లైబ్రరీ ఉండాలి. సి లైబ్రరీ తయారవ్వాలంటే కంపైలర్ ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెత అచ్చం ఇదే. దీనికి దారేంటంటే జీసీసీని రెండుసార్లు కట్టడం.

వరస చెప్తాను, రాసుకోండి. ఒకటి, బైన్‌యుటిల్స్: ఇందులో అసెంబ్లర్, లింకర్ ఉంటాయి. రెండు, లైనక్స్ కెర్నల్ హెడర్లు. మూడు, మొదటి జీసీసీ: సి భాష మాత్రమే, లైబ్రరీ లేకుండా, థ్రెడ్లు ఆపేసి. నాలుగు, ఆ సగం కంపైలర్‌తో సి లైబ్రరీ. నేను మజిల్ తీసుకున్నా, చిన్నది కాబట్టి. అయిదు, ఇప్పుడు లైబ్రరీ ఉంది కదా, పూర్తి జీసీసీ. ఇవన్నీ మన సిస్టమ్‌లో కలవకుండా సిస్‌రూట్ అనే వేరే ఫోల్డర్‌లో ఉండాలి.

జీసీసీ వెర్షన్ 9 గానీ, ఆ తర్వాతది గానీ తీసుకోండి. ఓపెన్‌రిస్క్ అసలు జీసీసీలో చేరింది 2019లో వచ్చిన ఆ వెర్షన్‌తోనే. అంతకుముందు దానికి విడిగా ఉండే కోడ్ వెతుక్కోవాల్సి వచ్చేది.

నా దగ్గర అప్పుడు ల్యాప్‌టాప్ లేదు. అక్కది ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్, రాత్రి పది తర్వాత నాకిచ్చేది. మూడు రాత్రులు కూర్చున్నా. మూడు మెట్లు ఎక్కేశా. నాలుగో మెట్టు, మజిల్ ఇన్‌స్టాల్. అక్కడ డెస్ట్‌డిర్ అని రాసి సిస్‌రూట్ దారి ఇవ్వాలి. నేను మర్చిపోయా. స్క్రీన్ మీద "పర్మిషన్ డినైడ్" అని వచ్చింది. అర్ధరాత్రి దాటింది, నిద్రమత్తు. ఏం ఆలోచించకుండా ముందు సుడో తగిలించి మళ్లీ కొట్టా. ఈసారి గడగడా ఎక్కేసింది. హమ్మయ్య అనుకుని పడుకున్నా.

పొద్దున్నే అక్క కేక. "ఒరేయ్, ఏం చేశావురా దీన్ని?" ఆ రోజే ఆమె ప్రాజెక్ట్ సబ్మిషన్. నిన్నటిదాకా నడిచిన సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్‌కి స్క్రీన్ నిండా ఎర్రర్లు. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. తను ఏడుపు ఒక్కటే తక్కువ.

ఎర్రర్లు పైనుంచి చదివా. మొదటిదే సైజ్ టి గురించి. అక్క ల్యాప్‌టాప్‌లో అది 8 బైట్లు ఉండాలి. ఓపెన్‌రిస్క్ 32 బిట్ కాబట్టి అందులో 4. అప్పుడు వెలిగింది. నా మజిల్ హెడర్లు వెళ్లి అక్క సిస్టమ్ హెడర్ల మీదే కూర్చున్నాయి!

లిబ్‌సి6-డెవ్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేశా. మళ్లీ కంపైల్ అయింది. అక్క టైమ్‌కి ఇచ్చేసింది. నాతో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

అందుకే చెప్తున్నా ఫ్రెండ్స్. క్రాస్ కంపైలర్ కట్టడానికి సుడో ఎక్కడా అక్కర్లేదు, అంతా మీ హోమ్ ఫోల్డర్‌లోనే అయిపోతుంది. మధ్యలో పర్మిషన్ డినైడ్ వచ్చిందంటే, మీరు పెట్టకూడని చోట ఏదో పెడుతున్నారని అర్థం. అది అడ్డం కాదు, కాపలా. ఆగి, దారి సరిచూసుకోండి. ఇంకోటి, ర్యామ్ తక్కువుంటే మేక్‌కి జె2 చాలు. ఆశపడి జె8 ఇస్తే మధ్యలో చచ్చిపోతుంది.

అక్క మళ్లీ ల్యాప్‌టాప్ ఇవ్వడానికి నెల పట్టింది. ఈసారి సుడో లేకుండా మొదటినుంచీ కట్టా. "నమస్తే అక్కా" అని ప్రింట్ చేసే ప్రోగ్రామ్ రాసి, స్టాటిక్‌గా లింక్ చేశా. ఫైల్ కమాండ్ కొడితే 32 బిట్, ఓపెన్‌రిస్క్ అని చూపించింది. బోర్డు లేదుగా, క్యూఈఎమ్‌యూలో నడిపా. ఆ రెండు మాటలూ తెరమీదకి రాగానే పరిగెత్తుకెళ్లి అక్కకి చూపించా.

అక్క చూసి ఒకటే అడిగింది: "నా ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోందా?"

నడిపి చూపించాకే నవ్వింది. మీరూ ఒకసారి కట్టి చూడండి, ఎక్కడ ఆగారో కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి.