ఊపిరి నుంచి నెత్తుటి దాకా



వైద్య పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది కొవిడ్ నడుస్తుండగానే వైద్యవిద్యలో అడుగుపెట్టారు. ఊపిరితిత్తుల జబ్బు అనుకున్నది రక్తనాళాల జబ్బుగా కూడా బయటపడిన తీరు గురించే ఈ రోజు మాట్లాడతాను.

2020 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్ వైద్యులు ఐసీయూల్లోని 184 మంది కొవిడ్ రోగుల వివరాలు ప్రకటించారు. రక్తం గడ్డకట్టకుండా ముందుజాగ్రత్త మందు అందరికీ ఇస్తూనే ఉన్నా 31 శాతం మందిలో రక్తం గడ్డకట్టింది, ఎక్కువగా ఊపిరితిత్తుల నాళాల్లోనే. చనిపోయినవారి ఊపిరితిత్తులను పరీక్షించిన మరో బృందానికి, వాటి కేశనాళికల్లో ఇన్‌ఫ్లుయెంజా మృతుల్లో కన్నా తొమ్మిది రెట్లు గడ్డలు కనిపించాయి. నాళం లోపలి పొర దెబ్బతినడం, ప్రవాహం మందగించడం, రక్తం తీరే మారిపోవడం అని విర్కో పేరుతో మీరు చదువుకున్న మూడు కారణాలూ ఒకే మంచం మీద కలిశాయి.

అయితే గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మోతాదు పెంచేద్దాం అని చాలామందికి అనిపించింది. అంత ఒత్తిడిలోనూ పరీక్షించి చూద్దామన్నవారి ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను. 2021లో ఫలితాలొచ్చాయి. ఇంకా విషమించని రోగులకు పూర్తి మోతాదు మేలు చేసింది, ఐసీయూకి చేరినవారికి చేయలేదు. ఆస్పిరిన్‌ను బ్రిటన్‌లో మొదలైన రికవరీ పరిశోధనలో దాదాపు 15,000 మందిపై చూశారు. మరణాలు తగ్గలేదు.

మరి మన ఊళ్ళలో? జబ్బు తగ్గి ఇంట్లో తిరుగుతున్నవాళ్ళు కూడా రక్తంలో గడ్డల జాడ చూపే డి-డైమర్ పరీక్ష చేయించుకుని, అంకె పెరిగిందని హడలిపోయి, రక్తం పలచబడే మాత్రలు వేసుకున్నారు. ఆ అంకె గర్భిణుల్లోనూ, వయసు మళ్ళినవాళ్ళలోనూ, చాలా ఇన్‌ఫెక్షన్లలోనూ పెరుగుతుంది. ఆ మాత్రలేమో కడుపులోనో మెదడులోనో రక్తస్రావం తెచ్చిపెట్టగలవు. భయపడ్డవాళ్ళను నేను తప్పుపట్టను. కూర్చోబెట్టి చెప్పే డాక్టరు వాళ్ళకు దొరకలేదు. ఆ డాక్టరు మీరు కావాలి.

ఇన్‌ఫెక్షన్ రక్తనాళాలను దెబ్బతీయడం కొవిడ్‌తో పోయిన సంగతి కాదు. ఫ్లూ నిర్ధారణైన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లని కెనడాలోని ఒంటారియో అధ్యయనం 2018లో తేల్చింది. ఛాతీ నొప్పితో వచ్చినవారిని ఈమధ్య జ్వరం, దగ్గు వచ్చాయా అని అడగండి. ఆయాసపడుతున్న రోగి పిక్కలు రెండూ చూడండి, రక్తం గడ్డకట్టి ఒకటి వాచి ఉందేమో. గుండె జబ్బున్న పెద్దవాళ్ళకు ఏటేటా ఫ్లూ టీకా వేయించుకోమని చెప్పండి. మన దగ్గర ఆ మాట చెప్పేవాళ్ళు ఇప్పటికీ తక్కువే.