పంది మీద పడ్డ నింద

మన దేశంలో స్వైన్ ఫ్లూ మొదట బయటపడింది హైదరాబాద్‌లోనే. 2009 మే నెలలో, అమెరికా నుంచి విమానం దిగిన ఓ యువకుడికి సోకినట్టు పరీక్షలో తేలింది. అప్పుడు జనం పెద్దగా కంగారుపడలేదు. ఆగస్టు 3న పుణెలో 14 ఏళ్ల బాలిక చనిపోయింది. దేశంలో అది తొలి మరణం. దాంతో అందరికీ గుండెలు జారాయి. పుణెలో బడులు, సినిమా హాళ్లు మూతపడ్డాయి. మాస్కులు దొరక్క జనం ముఖాలకు చేతిరుమాళ్లు చుట్టుకున్నారు. నాలుగు తుమ్ములు వచ్చినవాళ్లు కూడా పరీక్ష కోసం ఆసుపత్రుల ముందు బారులు తీరి, నిజంగా జబ్బుపడ్డవాళ్ల పక్కనే గంటల తరబడి నిలబడ్డారు. వైరస్‌కు అంతకంటే ఏం కావాలి!

స్వైన్ అంటే పంది. ఆ పేరు చేసిన చేటు వేరు. ఉడికిన పందిమాంసం తింటే ఈ జబ్బు రాదు. అయినా ఈజిప్టు ప్రభుత్వం దేశంలోని పందులన్నిటినీ చంపేయమంది. ఇళ్ల నుంచి తెచ్చిన కుళ్లిన తిండిని తినేవి ఆ పందులే కాబట్టి, తర్వాత కైరో వీధుల్లో చెత్త పేరుకుపోయింది. ఫ్లూ మాత్రం మనుషుల నుంచి మనుషులకు పాకుతూనే ఉంది.

ఇక్కడ కొందరు కర్పూరం, యాలకులు మూటకట్టి వాసన చూశారు. వాళ్లను వెక్కిరించను, భయం అలాంటిది. కానీ దాంతో వైరస్ చావదు.

ఆ వైరస్ ఇప్పటికీ మన మధ్యే, ఏటా వచ్చే ఫ్లూలలో ఒకటిగా ఉంది. దగ్గొస్తే మోచేతిని అడ్డుపెట్టుకోండి. జ్వరంతో పాటు ఆయాసం ఉంటే, ముఖ్యంగా గర్భిణులు, వృద్ధులు, ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి.